తెలుగులో స్వేచ్ఛా సాఫ్టువేరు - విద్యావేత్తల కృషి

తెలుగు లిపిని కంప్యూటరులో వ్రాయడానికి, తెరపై చూపడానికి, ముద్రించడానికి, వెదకడానికి ఉపకరించే పనిముట్లలో పెక్కు స్వేచ్ఛా సాఫ్టువేరుగా లభిస్తున్నాయి. అనగా వీటిని ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి నిర్మాణాన్ని పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. వీటిని తయారుచేసినవారిలో విశ్వవిద్యాలయ ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు, వేరే ఉద్యోగాలు చేసుకుంటూ తీరికవేళల్లో పాటుపడిన ఔత్సాహికులు ఎక్కువ. వారు తమ రోజువారీ పనిలో ఎదురైన చిన్న ఇబ్బందులను తొలగించుకోవడానికి చేసుకున్న ఏర్పాట్లే తరువాత అందరికీ పనికివచ్చాయి. మూలరూపం బహిరంగంగా ఉండి, మరొకరు అందుకొని కొనసాగించినప్పుడే అవి నిలిచాయి.

ఈ వ్యాసంలో ఆ కృషి స్వభావము, దాని చరిత్ర, చిన్న పట్టణాల విద్యార్థులకు దానివలన కలుగు ప్రయోజనము వివరించబడినవి. ఉదాహరణలకు 1970లో ఏర్పడినప్పటి ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతపు ఊళ్ళైన మార్కాపురం, గిద్దలూరు, కంభం పేర్లు తీసుకోబడినవి.

స్వేచ్ఛ, ఉచితము

ఆంగ్లంలో స్వేచ్ఛకూ ఉచితానికీ 'ఫ్రీ' అను ఒకే మాట ఉండుటచేత స్వేచ్ఛా సాఫ్టువేరు అర్థం విషయమై తరచు పొరపాటు కలుగుతుంది. తెలుగులో ఈ చిక్కు లేదు. వెల లేకుండా లభించేది ఉచితము. వాడుకరికి హక్కులిచ్చేది స్వేచ్ఛ. వెల లేకుండా లభించినా మూలరూపం చూపని సాఫ్టువేరు ఉచితమే కాని స్వేచ్ఛాయుతం కాదు. అలాగే స్వేచ్ఛా సాఫ్టువేరును వెలకు అమ్మడం తప్పు కాదు.

స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమం వాడుకరికి నాలుగు స్వేచ్ఛలను పేర్కొంటుంది. కంప్యూటరు శాస్త్రంలోని అలవాటు ప్రకారం వీటిని 0 నుండి లెక్కిస్తారు.

0. ఏ ప్రయోజనానికైనా ప్రోగ్రామును నడుపుకొనే స్వేచ్ఛ.
1. ప్రోగ్రాము ఎలా పనిచేస్తున్నదో పరిశీలించి, తన అవసరానికి తగినట్లు మార్చుకొనే స్వేచ్ఛ.
2. ప్రతులను ఇతరులకు పంచే స్వేచ్ఛ.
3. తాను మార్చిన ప్రతులను కూడా ఇతరులకు పంచే స్వేచ్ఛ.

1, 3 స్వేచ్ఛలకు మూలరూపం, అనగా సోర్సు కోడు, అందుబాటులో ఉండడం తప్పనిసరి. 1989లో వెలువడిన గ్ను జనరల్ పబ్లిక్ లైసెన్సు, అనగా జీపీఎల్, ఇంకొక నియమం చేర్చింది. ఒక ప్రోగ్రామును మార్చి పంచేవారు తాము పొందిన హక్కులనే తరువాతివారికి కూడా ఇవ్వవలెను. ఈ లైసెన్సు రెండవ కూర్పు 1991లో, మూడవ కూర్పు 2007లో వచ్చాయి.

విశ్వవిద్యాలయాలలో పుట్టుక

రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసేవాడు. 1980 ప్రాంతంలో ఆ ప్రయోగశాలకు ఒక కొత్త లేజరు ప్రింటరు వచ్చింది. అందులో కాగితం ఇరుక్కున్నపుడు వేరే గదిలో ఉన్నవారికి ఆ సంగతి తెలిసేది కాదు. అంతకుముందున్న ప్రింటరుకు ఆయనే ప్రోగ్రామును మార్చి, ఇరుక్కున్న వెంటనే వాడుకరులకు సందేశం వెళ్ళేట్లు చేశాడు. కొత్త ప్రింటరు మూలరూపం ఇవ్వబడలేదు కనుక ఆ చిన్న సవరణ చేయడం సాధ్యం కాలేదు. ఈ అనుభవం ఆయన ఆలోచనలపై గట్టి ప్రభావం చూపింది. 1983 సెప్టెంబరు 27న ఆయన గ్ను ప్రాజెక్టును ప్రకటించాడు. తాను వ్రాసే సాఫ్టువేరుపై సంస్థ యాజమాన్యహక్కు కోరకుండా ఉండేందుకు 1984 జనవరిలో ఉద్యోగం వదిలివేశాడు. అయినా ప్రయోగశాల అధిపతి పాట్రిక్ విన్‌స్టన్ అక్కడి కంప్యూటర్లను వాడుకోనిచ్చాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపించబడినది.

డోనాల్డ్ నూత్ స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఆయన రచించిన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటం 1968లో వెలువడింది. 1977లో రెండవ సంపుటం కొత్త ముద్రణకు సంబంధించిన ప్రూఫులు చూసి, అక్షరాల అందం తగ్గిపోయినందుకు ఆయన అసంతృప్తి చెందాడు. పుస్తకం అక్షరకూర్పును తానే కంప్యూటరుతో చేసుకోవాలనుకున్నాడు. ఒక సంవత్సరపు సెలవులో ముగుస్తుందనుకున్న ఆ పని సుమారు పదేళ్ళు పట్టింది. ఫలితంగా టెక్ అను అక్షరకూర్పు వ్యవస్థ, మెటాఫాంట్ అను అక్షర రూపకల్పన వ్యవస్థ వెలువడ్డాయి. నేటికీ ప్రపంచమంతటా గణిత, భౌతికశాస్త్ర పత్రాలు టెక్ లేదా దాని ఆధారంగా వచ్చిన లేటెక్ ద్వారా తయారవుతున్నాయి.

గణాంకశాస్త్రంలో వాడబడే ఆర్ అను భాష న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇద్దరు అధ్యాపకులు తమ విద్యార్థుల ప్రయోగశాలలోని కంప్యూటర్లకు తగిన సాఫ్టువేరు లేకపోవడంతో 1990 దశకం ఆరంభంలో దీనిని మొదలుపెట్టారు. 1995లో జీపీఎల్ క్రింద విడుదల చేశారు. మొదటి పూర్తి కూర్పు 2000 ఫిబ్రవరి 29న వచ్చింది.

ఈ మూడింటిలోనూ ప్రేరణ ఒకే రకమైనది. ప్రింటరు, ప్రూఫు, తరగతి గది అనునవి విద్యావేత్త రోజూ చూసే వస్తువులే. వాటిలోని లోపాన్ని సరిచేసుకునే నేర్పు, అవకాశం, తీరిక ఉన్నచోట ఇటువంటి పనిముట్లు పుట్టాయి.

నిర్మాత దినచర్య

స్వేచ్ఛా సాఫ్టువేరు నిర్మాత పని అంతా కొత్త ప్రోగ్రాములు వ్రాయడమే అనుకోవడం సరికాదు. ఎక్కువ సమయం ఇతరులు వ్రాసినదానిని చదవడానికి, దోషాలు వెదకడానికి, ఉత్తరాలకు జవాబులివ్వడానికి, వాడుక సూచనలు వ్రాయడానికి పోతుంది. ఈ పని సాధారణంగా క్రింది క్రమంలో సాగుతుంది.

దోషం గుర్తింపు: ఒక వాడుకరి తనకు ఎదురైన ఇబ్బందిని తెలియజేస్తాడు. ఏ యంత్రం, ఏ కూర్పు, ఏమి చేస్తే ఏమి జరిగింది అను వివరాలు ఇవ్వవలెను. ఆ వివరాలు లేని ఫిర్యాదు వలన ప్రయోజనం తక్కువ.

పునరావృతం: నిర్మాత అదే దోషాన్ని తన కంప్యూటరుపై మరల రప్పించడానికి ప్రయత్నిస్తాడు. రప్పించగలిగితే సగం పని అయినట్లే.

సవరణ: మూలరూపంలో మార్చిన వరుసలను మాత్రమే చూపే చిన్న పత్రాన్ని ప్యాచ్ అంటారు. చిరిగిన గుడ్డకు అతుకు వేయడం వంటిది కనుక ఆ పేరు వచ్చింది.

సమీక్ష: ఇతర నిర్మాతలు ప్యాచ్‌ను చదివి అభిప్రాయం చెబుతారు. పరిశోధనా పత్రాలను తోటి పండితులు పరిశీలించే పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది.

విడుదల: అంగీకరించిన సవరణలను చేర్చి కొత్త కూర్పును ప్రకటిస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో నమోదు చేయడానికి ప్రత్యేక సాఫ్టువేరు ఉన్నది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో వ్రాసిన గిట్ వీటిలో ప్రసిద్ధమైనది. ఆయన 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉండగా లినక్స్‌ను మొదలుపెట్టాడు.

నూత్ దినచర్య ఈ పనిలోని ఓపికకు మంచి ఉదాహరణ. ఆయన టెక్ మొదటి రూపాన్ని కాగితంపై చేతితో వ్రాసుకొని తరువాత కంప్యూటరులోకి ఎక్కించాడు. రూపకల్పన చేసినవాడే ప్రోగ్రాము వ్రాసి, దానిని తొలిగా వాడి, వాడుక పుస్తకం కూడా వ్రాయవలెనని ఆయన అభిప్రాయం. టెక్‌లో దొరికిన తప్పులన్నిటిని పట్టికగా వ్రాసి ఉంచుకొని, వాటిని విశ్లేషిస్తూ 1989లో ఒక వ్యాసం ప్రచురించాడు. తన పుస్తకాలలో తప్పు చూపినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. 256 సెంట్లు అనగా 16ను 16తో గుణించగా వచ్చు సంఖ్య. ఆ చెక్కులను చాలామంది సొమ్ము చేసుకోకుండా పటం కట్టించుకున్నారు. 2008 నుండి చెక్కుకు బదులు డిపాజిట్ పత్రం ఇవ్వబడుతున్నది. పనికి ఏకాగ్రత అవసరమని భావించి ఆయన 1990 జనవరి 1 నుండి ఈమెయిలు వాడడం మానివేశాడు. ఇంటిలో పైపు ఆర్గాన్ అను వాద్యం ఏర్పాటు చేసుకొని వాయించడం ఆయనకు ఇష్టమైన వ్యాపకం. టెక్‌లో కొత్త సదుపాయాలు చేర్చడం ఆపి, కేవలం తప్పులు దిద్దుతూ ప్రతిసారీ కూర్పు సంఖ్యను పై విలువకు ఒక అంకె దగ్గరగా తీసుకొనిపోతున్నాడు. 2021లో వచ్చిన కూర్పు సంఖ్య 3.141592653.

తెలుగు అక్షరము - కంప్యూటరు

కంప్యూటరు అక్షరాన్ని సంఖ్యగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అను ఒప్పందాన్ని ఎన్‌కోడింగు అంటారు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినవి. భారతీయ లిపులకు మన దేశంలో అంతకుముందే రూపొందిన ఇస్కీ ప్రమాణం దీనికి ఆధారం. ౘ, ౙ అను దంత్య అక్షరాలు 2008లో వచ్చిన 5.1 కూర్పులోనూ, నకారపొల్లు 2021లో వచ్చిన 14.0 కూర్పులోనూ చేర్చబడినవి.

యూనికోడ్‌లో 'మార్కాపురం' అను పేరు పది సంకేతాలుగా దాచబడుతుంది. అవి వరుసగా మ, దీర్ఘం, ర, పొల్లు, క, దీర్ఘం, ప, ఉత్వం, ర, సున్న. చదువరికి కనబడేవి మాత్రం మా, ర్కా, పు, రం అను నాలుగు అక్షరాలు. 'ర్కా'ను గమనించినచో దాచిన వరుసకూ కనబడే రూపానికీ తేడా తెలుస్తుంది. దాచిన వరుసలో దీర్ఘం క తరువాత ఉన్నది. తెరపై మాత్రం దీర్ఘం రకారానికి తగిలి, క వత్తుగా మారి క్రిందికి చేరుతుంది. 'గిద్దలూరు'లో తొమ్మిది సంకేతాలు ఉన్నాయి. అందులో రెండవ దకారం వత్తుగా మారుతుంది. ఈ మార్పు చేసే సాఫ్టువేరును అక్షర సంయోజకము అనవచ్చును. హార్ఫ్‌బజ్ అను స్వేచ్ఛా సంయోజకం ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోనూ, లిబ్రెఆఫీసులోనూ ఈ పని చేస్తున్నది.

యూనికోడ్ వ్యాపించక ముందు పత్రికలు, డీటీపీ కేంద్రాలు వేరే పద్ధతి వాడేవి. ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను, అనగా తలకట్టు, గుడి, వత్తు వంటివాటిని, ఉంచి ఖతులు తయారుచేసేవారు. ముద్రణకు ఇవి చక్కగా పనిచేశాయి. అయితే ఒక్కొక్క సంస్థ ఖతికి ఒక్కొక్క అమరిక ఉండేది. ఆ ఖతి లేని కంప్యూటరులో ఆ పత్రం తెరిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు కనబడతాయి. అందులో 'కంభం' అని వెదికితే దొరకదు, అకారాది క్రమంలో పేర్చడం కుదరదు, అంధులకు చదివి వినిపించే సాఫ్టువేరు దానిని చదవలేదు. ఇలా కూర్చిన పుస్తకాలు, స్థానిక చరిత్రలు, పాఠశాల సంచికలు కంప్యూటరులో ఉండి కూడా అందుబాటులో లేనట్లే. ఈ నష్టమే తెలుగు స్వేచ్ఛా సాఫ్టువేరు కృషికి ముఖ్యకారణం.

రైస్ పద్ధతి నుండి లేఖిని వరకు

1990 దశకం ఆరంభంలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు అంతర్జాలం ద్వారా తెలుగులో ముచ్చటించుకోవాలనుకున్నారు. వారి వద్ద ఉన్నవి ఆంగ్ల కీబోర్డులు, ఆంగ్ల అక్షరాలను మాత్రమే చూపే తెరలు. హ్యూస్టను నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రంలో పరిశోధన చేస్తున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి దీనికి ఒక ఉపాయం చేశారు. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాలతో నిర్దుష్టంగా వ్రాసే పద్ధతిని ఏర్పరచి, అలా వ్రాసినదానిని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము తయారుచేశారు. ఆ ప్రోగ్రాము రిట్ అనియు, వ్రాసే పద్ధతి ఆర్టీఎస్ అనియు ప్రసిద్ధి పొందాయి. నూత్ తయారుచేసిన మెటాఫాంట్‌తో రూపొందిన తెలుగు ఖతి కూడా ఈ కాలంలోనే టెక్ వాడుకరులకు లభించింది.

ఆర్టీఎస్ పద్ధతిలో చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాకు ప్రాధాన్యం ఉన్నది. చిన్న 'టి' తకారాన్ని, పెద్ద 'టి' టకారాన్ని సూచిస్తాయి. చిన్న 'డి' దకారం, పెద్ద 'డి' డకారం. పెద్ద 'ఎం' సున్నను సూచిస్తుంది. హల్లు తరువాత 'ఏ' అక్షరం రెండుసార్లు వ్రాస్తే దీర్ఘం వస్తుంది. కావున 'గిద్దలూరు' వ్రాయడానికి వరుసగా జి, ఐ, డి, డి, ఏ, ఎల్, యు, యు, ఆర్, యు అను మీటలు నొక్కవలెను. ఇందులో అన్నీ చిన్నబడి అక్షరాలే. ఒక్క 'డి'ని పెద్దబడిలో నొక్కినా పేరు చెడుతుంది. నేర్చుకొనడానికి కొద్ది గంటలు చాలును.

వెన్న నాగార్జున పద్మ అను ఉపకరణాన్ని తయారుచేశాడు. పాత ఖతులలో ఉన్న వెబ్‌సైట్లను ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో యూనికోడ్‌లోకి మార్చి చూపడం, ఆర్టీఎస్‌లో వ్రాసినదానిని తెలుగు లిపిలోకి మార్చడం దీని పనులు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు ఆద్యుడైనది కూడా ఆయనే. అప్పటికి చాలామంది కంప్యూటర్లలో తెలుగు వ్రాసే సదుపాయం ఉండేది కాదు. పద్మ మూలరూపం స్వేచ్ఛగా లభించుటచేత వీవెన్ దానిని ఆధారంగా తీసుకొని 2006లో లేఖిని అను వెబ్ ఉపకరణాన్ని రూపొందించాడు. ఏమీ స్థాపించుకొనే అవసరం లేకుండా బ్రౌజరులోనే ఒక పెట్టెలో ఆర్టీఎస్‌లో వ్రాస్తే రెండవ పెట్టెలో తెలుగు కనబడేది. నెట్ కేంద్రాలలో గంటకింత చెల్లించి కంప్యూటరు వాడుకొనేవారికి ఇది బాగా ఉపకరించింది. తెలుగు బ్లాగులు, తెలుగు వికీపీడియా పెరుగుదలలో లేఖిని పాత్ర గణనీయమైనది.

ఈ వరుసలో ఒకరి పనిని మరొకరు అందుకోవడం గమనింపదగినది. రైస్‌లో పుట్టిన వ్రాత పద్ధతి, పద్మలోని మార్పిడి ప్రోగ్రాము, లేఖినిలోని సులభమైన రూపం వేరు వేరు వ్యక్తులు, వేరు వేరు చోట్ల, సుమారు పదిహేనేళ్ళ కాలంలో చేసినవి. ఎవరూ మొదటినుండి మొదలుపెట్టవలసిన అవసరం రాలేదు.

హైదరాబాదులో పరిశోధనలు

కాన్పూరు ఐఐటీలో రాజీవ్ సంగల్, వినీత్ చైతన్య మొదలగువారు ప్రారంభించిన అనుసారక అను భాషాంతరీకరణ పరిశోధన తరువాత హైదరాబాదుకు తరలింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998లో స్థాపించబడిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ ఈ పనికి కేంద్రాలయ్యాయి. అనుసారక తెలుగు, కన్నడం, మరాఠీ, బెంగాలీ, పంజాబీ భాషల పాఠాలను హిందీ చదువరులకు అందించే ప్రయత్నం. యంత్రం సహజమైన హిందీ వ్రాయడానికి బదులు, మూలభాషలోని సమాచారం పోకుండా దాని వ్యాకరణ నిర్మాణాన్ని చూపే ఒక రకమైన హిందీ ఇస్తుంది. చదువరి కొద్దిపాటి శిక్షణతో దానిని అర్థం చేసుకోవలెను. దీనికి పాణిని వ్యాకరణ దృక్పథం ప్రాతిపదిక. ఈ సాఫ్టువేరు జీపీఎల్ క్రింద విడుదలైనది.

అచ్చుపుస్తకం బొమ్మనుండి అక్షరాలను గుర్తించే పనిని ఓసీఆర్ అంటారు. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిసి ఏర్పడే వేరు వేరు ఆకారాలు సుమారు 10,000 వరకు ఉంటాయని అంచనా. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి ప్రభృతులు 2001లో ప్రచురించిన పద్ధతిలో అక్షరాన్ని ఒకదానికొకటి అంటుకొని ఉన్న భాగాలుగా విడదీసి, గుర్తించవలసిన ఆకారాలను 370కి తగ్గించారు. అప్పటి ఫలితం సుమారు 92 శాతం. అనగా నూరు గుర్తింపులలో ఎనిమిది తప్పులు. పుస్తకం చదవడానికి ఇది చాలదు కాని, దారి చూపింది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర పరిశోధకుడుగా ఉన్న ఆచంట రాకేశ్, ఆచార్యుడు ట్రెవర్ హేస్టీతో కలిసి 2015లో డీప్ లెర్నింగు పద్ధతితో తెలుగు ఓసీఆర్ గురించి పత్రం వెలువరించాడు. దాని మూలరూపం కూడా బహిరంగపరచబడినది. 2005లో స్వేచ్ఛా సాఫ్టువేరుగా మారిన టెసరాక్ట్‌లో కూడా తెలుగు ఉన్నది.

2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ అను సంస్థ తెలుగు ఆపరేటింగు సిస్టం తయారీకి, కళాశాల విద్యార్థులలో స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రచారానికి పాటుపడింది.

ఖతులు

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు తెలుగు యూనికోడ్ ఖతులలో తొలితరానికి చెందినవి. ఇవి జీపీఎల్ క్రింద డెబియన్ వంటి లినక్స్ పంపిణీలలో చేర్చబడినవి. రెడ్ హ్యాట్ సంస్థ ఆదరణతో వచ్చిన లోహిత్ తెలుగు మరొకటి. తరువాతి కాలంలో మల్లన్న, మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ వంటి ఖతులు ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద విడుదలైనవి. ఈ లైసెన్సు గల ఖతులను పాఠశాల సంచికలలో, పెళ్ళిపత్రికలలో, పుస్తకాలలో ఎవరి అనుమతీ లేకుండా వాడుకోవచ్చు.

పశ్చిమ ప్రకాశంలో ఉపయోగము

మార్కాపురం పలకల పరిశ్రమకు ప్రసిద్ధి. ఈ పరిసరాలలో లభించే పలకరాతితో తయారైన పలకలపై తెలుగునాట తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం గుంటూరు - గుంతకల్లు రైలుమార్గంపై ఉన్నాయి. 1970కి పూర్వం ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. వర్షాభావ ప్రాంతమైన ఇక్కడినుండి చదువుకు, పనికి హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలకు పోయేవారు ఎక్కువ. ఇటువంటిచోట ఖరీదైన సాఫ్టువేరు కొనుగోలు విద్యార్థికి గాని, చిన్న పాఠశాలకు గాని భారమే. స్వేచ్ఛా సాఫ్టువేరు వారికి క్రింది విధాలుగా ఉపకరిస్తుంది.

పాత కంప్యూటర్లు: కొత్త వాణిజ్య ఆపరేటింగు సిస్టం నడవని పాత యంత్రాలపై తేలికపాటి లినక్స్ పంపిణీలు నడుస్తాయి. తెలుగు తెర, తెలుగు కీబోర్డు అందులోనే లభిస్తాయి.

చదువు: ఇంజనీరింగు, డిగ్రీ విద్యార్థులు నేర్చే పైథాన్, ఆర్, సి భాషలకు కావలసిన పనిముట్లు ఉచితంగానూ స్వేచ్ఛగానూ లభిస్తాయి. నగరంలోని విద్యార్థికి, గిద్దలూరులోని విద్యార్థికి ఒకే పనిముట్టు అందుతుంది.

అంధులకు సహాయము: ఎన్‌వీడీఏ అను తెర చదువరి 2006లో ఆస్ట్రేలియాలో అంధుడైన ఒక యువకుడు మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్టువేరు. దానితో కలిసి వచ్చే ఈస్పీక్ తెలుగును చదివి వినిపిస్తుంది. పాఠం యూనికోడ్‌లో ఉండడం మాత్రం తప్పనిసరి.

ఊరి సమాచారము: 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను స్వేచ్ఛా పటంలో ఊళ్ళ పేర్లు, చెరువులు, బడులు, దారులు ఎవరైనా చేర్చవచ్చు. పేరును తెలుగులో కూడా వ్రాయవచ్చు. అర్ధవీడు, రాచర్ల, కొమరోలు, బేస్తవారిపేట, తర్లుపాడు వంటి ఊళ్ళ పేర్లు ఆంగ్లంలో పలురకాలుగా వ్రాయబడుతుంటాయి. ఊరివారే తెలుగులో సరిగా నమోదు చేస్తే ఆ గందరగోళం తగ్గుతుంది.

పనిలో పాలు పంచుకొనడానికి ప్రోగ్రాములు వ్రాయడం వచ్చి ఉండనవసరం లేదు. సాఫ్టువేరు తెరపైని మాటలను తెలుగులోకి అనువదించడం, ఓసీఆర్ తప్పులు దిద్దడం, దోషాలను వివరంగా తెలియజేయడం భాష బాగా వచ్చినవారు చేయగల పనులే. 'ర్కా' వంటి సంయుక్తాక్షరం ఒక ఖతిలో తప్పుగా కనబడితే, దానిని గుర్తించగలిగేది తెలుగు చదువరి మాత్రమే.

ఇబ్బందులు

నిర్మాతల కొరత: విస్తృతంగా వాడబడే సాఫ్టువేరును కూడా కొన్నిసార్లు ఒకరిద్దరే చూసుకుంటుంటారు. అంతర్జాల భద్రతకు ఆధారమైన ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిలులో హార్ట్‌బ్లీడ్ అను తీవ్రమైన దోషం బయటపడినప్పుడు, దానిపై పూర్తికాలం పనిచేస్తున్నది ఒక్కరేనని తెలిసి చాలామంది ఆశ్చర్యపోయారు. తెలుగు పనిముట్ల విషయంలో ఈ కొరత మరింత ఎక్కువ. ఉద్యోగం మారడం, కుటుంబ బాధ్యతలు, ఆరోగ్యం వంటి కారణాలతో నిర్మాత తప్పుకుంటే పని ఆగిపోతుంది.

ఆధార సాఫ్టువేరు మార్పులు: 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పులో పాత పద్ధతి పొడిగింతలు పనిచేయడం ఆగిపోయింది. ఔత్సాహికులు ఏళ్ళ తరబడి వ్రాసినవాటిని మరల వ్రాయవలసి వచ్చింది. మూలరూపం ఉన్నవాటిని మాత్రమే ఇతరులు పునరుద్ధరించగలరు.

గుర్తింపు: విద్యాసంస్థలలో పదోన్నతికి ప్రచురించిన పత్రాలు లెక్కకు వస్తాయి. పదివేలమంది వాడే ఖతినో, మార్పిడి ప్రోగ్రామునో ఏళ్ళ తరబడి సరిదిద్దుతూ ఉండడం సాధారణంగా లెక్కకు రాదు. పరిశోధన ముగియగానే సాఫ్టువేరు అనాథ కావడానికి ఇది ఒక కారణం.

మూసి ఉంచిన వ్యవస్థలు: 2018 ఫిబ్రవరిలో ఐఫోనులలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక అక్షరక్రమం కనబడగానే ఆ అప్లికేషన్లు ఆగిపోయేవి. తయారీదారు అదే నెల 19న 11.2.6 కూర్పుతో దీనిని సరిచేశాడు. అంతవరకు తెలుగు తెలిసిన ప్రోగ్రామరు ఎవరైనా మూలరూపం చూసి కారణం కనుగొనే వీలు లేకపోయింది.

పాత పత్రాలు: యూనికోడ్‌కు ముందటి ఖతులలో కూర్చిన పుస్తకాల ఫైళ్ళు అనేకం ఇంకా డీటీపీ కేంద్రాల పాత కంప్యూటర్లలో ఉన్నాయి. ఆ యంత్రాలు చెడిపోతే ఫైళ్ళు పోతాయి. వాటిని మార్చే ప్రోగ్రాములకు ప్రతి ఖతి అమరిక తెలిసి ఉండవలెను. అమరిక పట్టికలను తయారుచేసి బహిరంగంగా ఉంచడం, ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చి రెండు మూడు చోట్ల భద్రపరచడం ఆలస్యం చేయరాని పనులు.